చిత్తూరు నాగయ్య

చిత్తూరు సీమలో ఎండలు ముదిరినవనగా ఊరూర భారతములు మొదలగును. ద్రౌపదీదేవికో ధర్మరాజునకో గుడి యున్న ప్రతి గ్రామమునకును చేరువను ఒక మిట్ట యుండును. దానిని భారత మిట్ట యని పిలుతురు. పదునెనిమిది దినములు పగటివేళ హరిదాసు కథ చెప్పును. రాత్రివేళ వీధినాటకము వారు పగలు విన్న కథనే ఆడి చూపుదురు. అర్జునుడు తపస్సు చేయుటకై నిజముగనే పొడవైన మ్రాను నెక్కును. కడపటి దినమున మట్టితో మలచిన దుర్యోధనుని బొమ్మపై భీముడు గద నెత్తును. అక్షరము రాని రైతు సయితము ఆ దినములలో భారతమంతయు చెవులతోను కన్నులతోను చదువుకొనును. ఆటపాటలిట్లు బ్రతుకులో కలిసిపోయిన ఆ సీమ పేరును తన పేరునకు ముందు నిలుపుకొని దక్షిణదేశమంతట ప్రఖ్యాతుడైన గాయకుడు, నటుడు, సంగీతకర్త, దర్శకుడు ఒకడు కలడు. ఆయనయే చిత్తూరు నాగయ్య.

విచిత్రమేమనగా ఆయన పుట్టినది చిత్తూరులో కాదు. కృష్ణానదికి చేరువను, నేడు బాపట్ల జిల్లాలో నున్న రేపల్లెలో 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన ఆయన జన్మించెను. ఇంటిపేరు ఉప్పలదడియము. తండ్రి రామలింగేశ్వరశర్మ, తల్లి వెంకటలక్ష్మాంబ. కలిగిన కుటుంబము కాదు. తరువాతి కాలమున ఆ కుటుంబము కోస్తాను విడిచి దక్షిణమునకు తరలి కుప్పము చేరినది.

కుప్పము చిన్న ఊరు. కాని దాని ఉనికి చిత్రమైనది. అది చిత్తూరు సీమకు నైరృతి మూలను, మూడు భాషలు కలిసికొను చోట నున్నది. సంతకు పోయినచో ఒక అంగడిలో తెలుగు, దాని ప్రక్కన తమిళము, ఆ ప్రక్కన కన్నడము వినవచ్చును. మదరాసునుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గము ఆ ఊరి మీదుగనే పోవును. తరువాతి దినములలో నాగయ్య తెలుగు, తమిళ చిత్రములలో సమానమైన గౌరవముతో నటింపగలుగుటకు చిన్ననాడు ఈ మూడు భాషల గాలి పీల్చిన ఊరిలో పెరుగుట యొక కారణమని తలచుటకు అవకాశము కలదు. పరభాషను బడిలో నేర్చిన వాని ఉచ్చారణము వేరు. వీధిలో నేర్చిన వాని ఉచ్చారణము వేరు.

బాలునకు చక్కని కంఠముండెను. ఆ కాలమున కంఠమున్న బాలుని నాటకసమాజములు ఊరకే విడువవు. నాటకమనగా నాడు పద్యము, పద్యమనగా రాగము. ధ్వనివర్ధకములు లేవు. గ్యాసుదీపముల వెలుగులో, హార్మోనియము శ్రుతిలో, నటుడు తన గొంతుకతోనే వేయిమందికి వినిపింపవలెను. కడపటి వరుసలో చాపమీద కూర్చున్న వానికి వినబడనిచో వాడు ఊరకుండడు, ఈల వేయును. బాగుగ వినబడినచో పద్యమును మరల పాడుమని పట్టుబట్టును. చచ్చి పడిన పాత్రధారి సయితము లేచి, పద్యము మరల పాడి, మరల చచ్చిన సందర్భములు తెలుగు నాటకరంగమున కలవు. నేడు మనకు నవ్వు వచ్చును గాని, నాటి ప్రేక్షకునకు అది నవ్వులాట కాదు. అతడు కథ చూచుటకన్న పద్యము వినుటకే ఎక్కువగ వచ్చుచుండెను.

రాయలసీమ ఈ విషయమున వెనుకబడిన దేశము కాదు. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభను నెలకొల్పి, తాను నాటకములు వ్రాసి, తానే ఆడి, తెలుగు నాటకమునకు త్రోవ చూపెను. ఆ బళ్ళారినుండియే రాఘవ వంటి మహానటుడు వెలువడెను. చిత్తూరులో రామవిలాస సభ యను నాటకసమాజము ఏర్పడి మంచి పేరు గడించెను. వకీళ్ళు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు పగలు తమ పనులు చూచుకొని సాయంకాలము అభ్యాసమునకు కూడుకొనునట్టి సమాజములివి. నాగయ్యకు నిజమైన పాఠశాల ఈ రామవిలాస సభయే. కుప్పమునుండి వచ్చిన బాలుడు చిత్తూరు నాగయ్య యయ్యెను.

అచ్చట ఆయనకు పేరు తెచ్చిన పాత్ర ఏదియో తెలిసినచో మీకు ఆశ్చర్యము కలుగును. పదునైదేండ్ల ప్రాయమున ఆయన సారంగధర నాటకములో చిత్రాంగిగా నటించెను. నాడు గౌరవకుటుంబముల స్త్రీలు రంగస్థల మెక్కుట లేదు. స్త్రీ పాత్రలను మీసము రాని బాలురే ధరించుచుండిరి. అందులోను చిత్రాంగి సామాన్యమైన పాత్ర కాదు. సవతి కుమారుని మోహించి, అతడు కాదనగా, నింద మోపి అతని కాలుసేతులు నరికించు రాణి ఆమె. ఆ పాపమునకు వెనుకనున్న వేదనను ప్రేక్షకునకు చూపవలెను. పదునైదేండ్ల బాలుడు తన గొంతును, నడకను, చూపును మార్చుకొని మరియొక ప్రాణిలోనికి ప్రవేశింపవలసిన సాధన అది. చిరకాలము తరువాత చలనచిత్రములలో ఆయన కన్నుల తడిని చూచి జనులు ఆశ్చర్యపడిరి. ఆ విద్యకు పునాది చిత్రాంగి పాత్రయందే పడినదని చెప్పవచ్చును.

నాటకములు పేరు పెట్టును గాని కూడు పెట్టవు. నాగయ్య కొంతకాలము ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా పనిచేసెను. కొంతకాలము ఆంధ్రపత్రికలో పనిచేసెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్థాపించిన ఆ పత్రిక నాడు కేవలము వార్తాపత్రిక కాదు. జాతీయోద్యమమునకు తెలుగు నోరు. 1930లో ఉప్పు సత్యాగ్రహము దేశమును కదలించినప్పుడు ఆయన హృదయమును కదలెను. మద్యనిషేధము, ఖద్దరు, స్వరాజ్యము నాటి యువకుల మాటలలోను పాటలలోను నిండియుండెను. ఈ దేశభక్తియే కొన్ని సంవత్సరముల తరువాత ఆయనను చిత్రసీమ గడప దాటించినది. ఈలోపల గ్రామఫోను రికార్డుల మూలమున ఆయన కంఠము చిత్తూరు దాటి పోయెను. మనిషి ఎట్లుండునో తెలియని వారికి సయితము ఆ గొంతు తెలిసెను.

ఇంతలో ఇంటిలో చీకటి క్రమ్మెను. మొదటి భార్య ఒక ఆడశిశువును కని కన్నుమూసెను. ఆయన మరల వివాహము చేసికొనెను. రెండవ భార్యయు దక్కలేదు. ముప్పదియేండ్ల ప్రాయము గడచునప్పటికే రెండుసార్లు ఇల్లు కట్టుకొని రెండుసార్లు కూలుట చూచిన మనిషికి నాటకముల మీద గాని, ఉద్యోగము మీద గాని, జీవితము మీదనే గాని ఆశ యెట్లుండును? చిత్తూరునకు దూరము కాని తిరువణ్ణామలైలో అరుణగిరి పాదమున రమణమహర్షి ఆశ్రమము కలదు. నాగయ్య అచ్చటికి పోయెను. మహర్షి ఎక్కువగ మాటలాడడు. ఆయన సన్నిధిలో కూర్చుండుటయే బోధ. నాగయ్య అచ్చటనే కొంతకాలము గడపెను. మరలి రాకపోయినను ఎవరును తప్పు పట్టియుండరు.

మరలి వచ్చునట్లు చేసినది సినిమా. తెలుగులో మొట్టమొదటి టాకీయైన భక్తప్రహ్లాదకు దర్శకుడైన హెచ్.ఎం. రెడ్డి, రోహిణీ పిక్చర్సు పేర గృహలక్ష్మి యను సాంఘిక చిత్రము తీయ సంకల్పించెను. ఆ సంస్థలో భాగస్వామి బి.ఎన్. రెడ్డి, కడప మండలమువాడు. ఆ చిత్రములో కథానాయిక అన్నయగు గోపీనాథుడను దేశభక్తుని పాత్రకు వారు నాగయ్యను తీసికొనిరి. ఖద్దరు ధరించి, కల్లు మానుడని వీధివీధి తిరిగి పాడు సంఘసేవకుని వేషము అది. 1938లో చిత్రము విడుదలయ్యెను. కథానాయకుడెవరో నేడు మరచిన వారు సయితము ఆ మద్యనిషేధపు పాట పాడిన మనిషిని మరువలేదు. నటునకును పాత్రకును నడుమ పెద్ద దూరము లేదు గదా! ఎనిమిదేండ్ల క్రిందట మనసులో పాడుకొన్న దానినే ఆయన తెరమీద పాడెను.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. నాటకములోనుండి సినిమాకు వచ్చిన వారికి ఆ మార్పు సులభమైనది కాదు. రంగస్థలమున కడపటి వరుసవానికి వినిపించుటకై గొంతెత్తుటయే గుణము. కెమెరా ముందు అదియే దోషము. మైక్రోఫోను నిట్టూర్పును సయితము పట్టుకొనును. కనుబొమ్మ కదలిక తెరమీద బారెడై కనబడును. నాటి టాకీలలో ఎందరో ప్రసిద్ధ నటులు రంగస్థలపు గట్టితనమును విడువలేక, తెరమీద కేకలు వేయుచున్నట్లు కనబడిరి. నాగయ్య గొంతు తగ్గించెను. రాగమును విస్తరించుటకన్న మాటలోని భావమును చెప్పుటకే ఎక్కువ శ్రద్ధ చూపెను. చూచువారికి నటన వలె గాక, ప్రక్కింటి పెద్దమనిషి తన కష్టము చెప్పుకొనుచున్నట్లుండెను. పైగా నేపథ్యగానము లేని దినములవి. నటుడు కెమెరా ముందు నటించుచునే పాడవలెను. వాద్యములవారు చిత్రములో కనబడకుండ ఒక ప్రక్కన దాగి వాయింపవలెను. ఒక స్వరము తప్పినను, ఒక కాకి అరచినను, మరల మొదటినుండి. పాటయు నటనయు ఒక్కనియందే కుదిరిన వారికి నాడుండిన విలువ ఇంతింత కాదు.

బి.ఎన్. రెడ్డి విడివడి తాడిపత్రి వాసియగు మూలా నారాయణస్వామితో కలసి వాహినీ సంస్థను స్థాపించెను. ఆ సంస్థ మొదటి చిత్రము వందేమాతరము 1939లో వచ్చెను. నిరుద్యోగియైన పట్టభద్రుని కథ అది. నాయకుడు నాగయ్యయే, సంగీతమును ఆయనదే. మరుసటి సంవత్సరము సుమంగళి వచ్చెను. వితంతువివాహము నడపు వృద్ధ సంస్కర్తగా, చూచువారికి కందుకూరి వీరేశలింగము జ్ఞప్తికి వచ్చునట్లు, ఆయన నటించెను. నాటికి ఆయన వయస్సు ముప్పదియారు. 1941లో దేవత. ఒక్కొక్క చిత్రమునకును తెలుగు సాంఘిక చిత్రము ఒక్కొక్క మెట్టు పైకెక్కినది. ఈ చిత్రముల వెనుక నిలిచిన వారిలో పలువురు రాయలసీమవారే యగుట మన ప్రాంతపు విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయము.

అదే 1941లో ఆయన తమిళమున అశోక్ కుమార్ అను చిత్రములో నటించెను. నాయకుడు త్యాగరాజ భాగవతారు. తమిళనాట ఆయన గానమునకు జనులు వెర్రెత్తిపోవుచుండిన కాలమది. కథ అశోకచక్రవర్తి కుమారుడగు కుణాలునిది. సవతితల్లి కుణాలుని మోహించి, అతడు నిరాకరింపగా, నింద మోపి శిక్షింపజేయును. ఈ కథను మీరిదివరకే విన్నట్లు తోచుట లేదా? ఇది సారంగధర కథకు తోబుట్టువు. పదునైదేండ్ల ప్రాయమున చిత్తూరులో నింద మోపిన సవతితల్లిగా నటించినవాడు, ముప్పదియేడేండ్ల ప్రాయమున ఆ నిందను నమ్మి కుమారుని దండించిన తండ్రిగా నటించెను. భాగవతారు పాటలకై వచ్చిన జనులు నాగయ్య అశోకుని చూచి కన్నీరు పెట్టుకొని పోయిరి. తమిళ దేశము ఆయనను తనవానినిగ చేసికొనెను. 1945లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మీరాగా నటించిన చిత్రములో రాణా పాత్రయు ఆయనకే దక్కెను.

కాని నాగయ్య పేరు చెప్పగానే పెద్దలకు జ్ఞప్తికి వచ్చునవి మూడు చిత్రములు. మూడును మహాపురుషుల జీవితములే.

మొదటిది భక్తపోతన. దానికి దర్శకుడు తాడిపత్రి వాడగు కె.వి. రెడ్డి, దర్శకుడుగా ఆయనకిదియే మొదటి చిత్రము. యుద్ధకాలము. 1942లో జపాను విమానములు వచ్చునని మదరాసు పట్టణము సగము ఖాళీ అయినది. ఆ భయము నడుమ తయారైన చిత్రము 1943 ఆరంభమున జనుల ముందునకు వచ్చెను. రాజునకు కావ్యము నంకితమీయనని, హలము పట్టి సేద్యము చేసికొని బ్రతుకుదునని నిలిచిన కవి కథ అది. ఆడంబరము లేని రైతుకవిగా నాగయ్య నాగలి పట్టి నిలువగా, గౌరీనాథశాస్త్రి శ్రీనాథుడై రాజసముతో ఎదుట నిలిచెను. పోతన జన్మస్థలము ఓరుగంటి చేరువనున్న బమ్మెరయా, కడప చేరువనున్న ఒంటిమిట్టయా యని పండితులు వాదించుకొనుచుండిరి. సామాన్యునకు ఆ వాదము పట్టలేదు. అతనికి పోతన యనగా నాగయ్యయే. ఆ చిత్రము తరువాత ఆయన ఏ ఊరు పోయినను జనులు నటుని చూచుటకు గాక భక్తుని దర్శించుటకు వచ్చిరి. కాళ్ళకు మ్రొక్కిరి. పసిబిడ్డలను తెచ్చి దీవింపుమనిరి.

ఈ గౌరవము తీయనిదే గాని బరువైనది. వేషము తీసివైచినను జనులు దానిని తీయనీయకపోవుట నటునకు ఒక బంధనము. మహాత్ములుగ నటించిన వానినుండి జనులు మహాత్ముని గుణములనే కోరుదురు. నాగయ్య ఆ కోరికను కాదనలేకపోయెను. ఆయన జీవితములోని ఉత్తరార్ధమంతయు ఈ ఒక్క మాటలో నున్నదని నాకు తోచును.

రెండవది త్యాగయ్య. 1946లో విడుదలైన ఈ చిత్రమునకు నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, నాయకుడు నలుగురును నాగయ్యయే. త్యాగరాజస్వామి తెలుగున పాడెను గాని కావేరీతీరమున తిరువయ్యారులో నివసించెను. అందుచే ఆయన తెలుగువారికెంత ఇష్టుడో తమిళులకంత ఇష్టుడు. కుప్పములో పెరిగిన నాగయ్యకు ఇంతకన్న తగిన కథ యేది? సంగీతవిద్వాంసులు కఠినులు. ఒక కృతిని వెండితెర మీద పాడినచో అపస్వరమున్నదా, రాగము చెడినదా యని చెవి యొగ్గి కూర్చుందురు. నాగయ్య విద్వత్తును ప్రదర్శింప యత్నింపలేదు. రాముని విగ్రహము పోయిన దుఃఖములో ఒక గృహస్థుడు ఎట్లు పాడునో అట్లు పాడెను. త్యాగరాజు తిరుమలకు వచ్చినప్పుడు స్వామికి అడ్డముగా తెర వేసియుండగా, ఆయన పాడిన పాటకు ఆ తెర తొలగినదని మన తిరుపతి ప్రాంతమున పెద్దలు చెప్పుకొను కథ కలదు. నాగయ్య పాట వినిన వారికి అది కట్టుకథ యని తోచలేదు. మైసూరు మహారాజు ఆయనను పిలిపించి సత్కరించెను.

మూడవది 1947లో వచ్చిన యోగివేమన. దర్శకుడు మరల కె.వి. రెడ్డి. భోగిగ మొదలై, అన్నకూతురు మరణముతో హృదయము పగిలి, శ్మశానములో మట్టిని చేతబట్టి చింతించి, యోగియైన వాని కథ అది. భార్యల నిద్దరను పోగొట్టుకొని అరుణగిరి చేరిన మనిషి ఈ పాత్రను ధరించెనను మాట మనము మరువరాదు. ఆ శ్మశాన దృశ్యములో ఆయన ఏడ్వలేదు. ఏడ్పు వచ్చి తీరిపోయిన తరువాత మనిషి ముఖమెట్లుండునో అట్లుండెను. ఈ చిత్రము పోతన వలె ధనమును తేలేదు. ఐనను నటనయందు దీనినే మిన్నగ నెంచువారు పలువురు కలరు. వారిలో నేనొకడను. బొంబాయిలోని సినిమా పత్రికాధిపతి బాబూరావు పటేలు నాగయ్యను అమెరికా నటుడగు పాల్ మునితో పోల్చెను. పాల్ మునియు మహాపురుషుల జీవితకథలలో నటించి పేరుపొందినవాడే.

ఈ నడుమ ఆయన మరియొక పని చేసెను. తన రేణుకా ఫిలిమ్సు తరపున పి. పుల్లయ్య దర్శకత్వమున 1943లో భాగ్యలక్ష్మి యను చిత్రమును నిర్మించెను. అందు నటి కమలా కోట్నీసు పెదవులు కదలింపగా, ఆర్. బాలసరస్వతీదేవి తెరవెనుక పాడెను. తెలుగు చిత్రములలో నేపథ్యగానమునకు ఇది మొదలు. తానే పాడి తానే నటింపగల నాగయ్య, పాట రాని నటులకును, రూపము లేని గాయకులకును ద్వారము తెరచెను. ఆ ద్వారమునుండియే తరువాత ఘంటసాల మొదలైనవారు వచ్చిరి. 1945లో స్వర్గసీమ చిత్రములో నాగయ్య సంగీతమున ఘంటసాల గొంతు వినబడినది. రానురాను పాడగల నటుని అవసరమే తగ్గిపోయెను. తాను తెరచిన ద్వారము తన వంటివారికి వెనుక మూసికొనుచున్నదని ఆయనకు తోచెనో లేదో!

ఆ దినములలో చిత్రమునకు లక్ష రూపాయలు పుచ్చుకొన్న మొదటి దక్షిణాది నటుడు నాగయ్యయని చెప్పుదురు. ఒక గుమాస్తాకు నెలకు నలుబది, ఏబది రూపాయలు వచ్చిన కాలమది. ఆ ధనమంతయు ఏమయినది? మదరాసులో ఆయన యింట పొయ్యి ఆరినది లేదు. ఎవరు ఎప్పుడు వచ్చినను విస్తరి వేయవలసినదే. వేషము దొరకని నటులు, చదువునకు జీతము కట్టలేని విద్యార్థులు, కూతురి పెండ్లికి సొమ్ము చాలని తండ్రులు, ఊరికి పోవుటకు రైలు ఛార్జీ లేనివారు ఆ గుమ్మము ముందు నిలిచిరి. ఆయన వారెవరని విచారింపడు. వారు చెప్పునది నిజమా యని అడుగడు. చేతికి వచ్చినది ఇచ్చును; లేనిచో తెప్పించి యిచ్చును. పోతనగా నటించిన మనిషి గుమ్మమునకు వచ్చి లేదన్న మాట వినుట జనులకును ఊహకందని విషయము. ఆయనకును పలుకరాని మాట.

ఇది మెచ్చదగినదే. కాని చరిత్ర వ్రాయువాడు మెచ్చుకోలుతో ఊరకుండరాదు. నాగయ్య లెక్క వ్రాసికొనలేదు. ఆయన దయను నిజమైన ఆర్తులతో పాటు టక్కరులును వాడుకొనిరి. నిర్మాతకు లెక్క తప్పినచో కళ యొక్కటే రక్షింపదు. 1953లో తెలుగున నా ఇల్లు, తమిళమున ఎన్ వీడు అను పేర్లతో ఒకే కథను తానే దర్శకత్వము వహించి తీసెను. ఆశించినంత ఫలితము రాలేదు. అంతకంతకు అప్పులు పెరిగెను.

అయినను ఆయన మనసులో ఒక కోరిక మిగిలియుండెను. పోతన, త్యాగయ్య, వేమన అయిరి. భద్రాచలములో రాముని గుడి కట్టించి గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కంచెర్ల గోపన్న మిగిలెను. భక్తరామదాసు చిత్రమును ఆయన మొదలుపెట్టెను. ధనము దొరకినప్పుడు కొంత తీయుట, లేనప్పుడు నిలుపుట. ఇతరుల చిత్రములలో తండ్రి వేషములు, తాత వేషములు, ఋషి వేషములు వేసి సంపాదించినది తెచ్చి తన చిత్రములో పోయుట. ఇట్లు ఏండ్లు గడచెను. ఆ వేషములలో 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యములోని బావాజీ పాత్రయు ఒకటి. స్వామితో పాచికలాడిన భక్తుడుగా తిరుమలలో హాథీరాము బావాజీని ఎరుగనివారుండరు. ఆ వృద్ధ భక్తుడుగా నాగయ్య కనబడినది కొంతసేపే గాని, తిరుపతి వాసులకు ఆ మూర్తి మనసున నిలిచినది.

ఎట్టకేలకు 1964లో భక్తరామదాసు విడుదలయ్యెను. నిర్మాత, దర్శకుడు, నాయకుడు మరల నాగయ్యయే. కబీరు పాత్రలో గుమ్మడి నటింపగా, హిందీ గాయకుడు మహమ్మదు రఫీ ఆ పాత్రకు పాడెను. కాని కాలము మారిపోయినది. త్యాగయ్య నాటి ప్రేక్షకులు వృద్ధులైరి. అరువదియేండ్ల నాగయ్య గొంతులో భావము తరుగలేదు గాని, జనము క్రొత్త వేగమునకు అలవాటుపడిరి. చిత్రము ఆయన అప్పులను తీర్చలేదు. రాజధనముతో గుడి కట్టి చెరసాల పాలైన వాని కథను తీసి, తాను అప్పుల పాలగుట విధి చేసిన వింత హాస్యము.

మరుసటి సంవత్సరము, 1965లో, భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. ఆ బిరుదమునందుకొన్న నాటికి ఆయనకు చిన్నచిన్న వేషములే జీవనాధారము. ఒకనాడు తన గుమ్మమున నిలిచిన వారిలో కొందరు పెద్దవారైరి; ఆయన వారి గుమ్మముల చెంతకు వేషముకొరకు పోవలసిన దినములు వచ్చెను. చిత్రములలో ఆయన పేరు జాబితాలో క్రిందికి దిగెను. పారితోషికము లక్షలనుండి వేలకు, వేలనుండి వందలకు తగ్గెను. వేళకు వచ్చి, వేషము వేసికొని, పిలుచువరకు ఒక ప్రక్కన కూర్చుండుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. ఒకటి రెండు మాటలు మాత్రమే యున్న తండ్రి వేషమైనను, తెరమీద ఆ ముఖము కనబడగానే సభలోని పెద్దలు కదలి కూర్చుండుట మాత్రము మానలేదు.

1973వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన, తన అరువదితొమ్మిదవ యేట, మదరాసులో నాగయ్య మరణించెను. వెనుక మిగిలిన ఆస్తి లేదు.

తరువాత మదరాసు త్యాగరాయనగరములో పానగల్ పార్కునందు ఆయన విగ్రహమును నిలిపిరి. ఆ పార్కు చుట్టును అంగళ్ళ రద్దీ. బట్టలు కొనుటకు వచ్చువారు ఆ విగ్రహము ప్రక్కగనే పోవుదురు. చిత్తూరు పట్టణములోని సభామందిరమునకు నాగయ్య కళాక్షేత్రమని పేరు పెట్టిరి. బడిపిల్లలు వార్షికోత్సవములకు ముఖమునకు రంగులు పూసికొని ఆ మందిరపు తెరవెనుక నిలుచుందురు. తమ వంతు రాకముందు వారి గుండెలు దడదడ కొట్టుకొనును. అదే ఊరిలో, వారి వయస్సుననే, చిత్రాంగి వేషము వేసికొని తెర తీయుటకై నిలిచియున్న బాలుని గుండెయు అట్లే కొట్టుకొనియుండును.